పావు తక్కువ రెండు

రబ్బరు మెత్తబడాలంటే వేడినీళ్లలో నానాలి, నానేదాకా నేను ఆగాలి, ఆగడం ఒక్కటే నాకు చేతకాని పని అని పెళ్లయిన కొత్తలోనే రాజీవ్ తేల్చేశాడు, చాయ్ మసిలేదాక కూడ నిలబడవు ఉదీ, నీకు లెక్కల టీచర్ నౌకరీ ఎవరిచ్చిండ్రే అని నవ్వేవాడు. ఇప్పుడు చూడు, స్టీలు గిన్నెలో నల్లటి రబ్బరు గొట్టం మునిగి ఉంది, ఆదివారం పొద్దున ఏడైంది, చిక్కడపల్లిలో మా గల్లీ ఇంకా సరిగ్గా లేవలేదు, గేటు లోపలి సిమెంటు జాగాలో బండి, బండి పక్కన పీట మీద నేను, మెట్ల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో రాజీవ్. కుడిచెయ్యి ఒళ్లో పెట్టింది పెట్టినట్టే ఉంది. ఎడమచెయ్యి కుర్చీ పిడి మీద ఉంది. కళ్లు మాత్రం నా చేతుల మీదే. రబ్బరుకు కావలసిన నీళ్లు తన స్నానానికి కాచిన వాటిలోంచే రెండు చెంబులు తీశాను, తీస్తుంటే చూశాడు, చూసి ఊరుకున్నాడు, మాట ఉన్న రోజుల్లో అయితే నా నీళ్లు బండికి పోస్తవా అని ఇల్లు పీకి పందిరేసేవాడు. తొమ్మిది నెలలుగా ఆగుతూనే ఉన్నాను, ఈ రబ్బరు ఒక లెక్కా.

తొమ్మిది నెలల కిందట ఒక మంగళవారం, ఇన్సూరెన్స్ ఆఫీసుకు పోవడానికి బూటు లేసు కట్టుకుంటున్న మనిషి కట్టుకుంటూనే గోడకు ఒరిగిపోయాడు, ఏంది రాజీవ్ పరాచకాలు అన్నాను, అన్న మాట ఇప్పటికీ నా చెవిలోంచి పోదు. నలభై నాలుగేళ్లకే పక్షవాతం. మెదడులో ఒక నరం మూసుకుపోయిందన్నారు. కాలు కొంత తిరిగి వచ్చింది, భుజం పట్టుకుంటే గేటు దాకా నడుస్తాడు. చెయ్యి రాలేదు. మాట రాలేదు. అన్నీ వింటాడు, అన్నీ తెలుస్తాయి, చెప్పబోతాడు, పెదవులు విడివడతాయి, ఒట్టి గాలి బయటికొస్తుంది, అంతే, తర్వాత తనే సిగ్గుపడి నోరు మూసుకుంటాడు. ఆ సిగ్గు నాకు చూడబుద్ధి కాదు. నాకు రాజీవ్ గొంతు కావాలి. ఇంకేం అక్కర్లేదు అనను, నాకు చాలా కావాలి, బండి వెనక కూర్చుని అనంతగిరి అడవిలోకి పోవడం కావాలి, వాన పడ్డ మట్టిబాట మీద జారి పడి ఇద్దరం నవ్వుకోవడం కావాలి, కానీ ముందు గొంతు కావాలి. పేరు పెట్టి పిలవక్కర్లేదు. తిట్టినా చాలు.

తిట్లు కూడా ముందే వస్తాయట. విద్యానగర్‌లో మాట నేర్పే డాక్టరమ్మ సంయుక్త మొదటి రోజే చెప్పింది, అలవాటుగా నోట్లో నానినవి ముందు వస్తాయి మేడమ్, లెక్క, పాట, తిట్టు, అవి టేపు తిరిగినట్టు తిరుగుతయి, వాటికి ఆలోచన అక్కర్లేదు, అవి వచ్చినంత మాత్రాన మాట వచ్చిందని సంబరపడొద్దు, కాని ఆ తలుపు తెరుచుకుంటే లోపలికి దారి దొరుకుతది. ఆ రోజు ఒక కాగితం నింపించింది, మాతృభాష ఏది, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, ఏ భాషలో లెక్కపెడతారు. మాది తెలుగు ఇల్లే కదా, పెన్ను ఎత్తకుండా మూడు గళ్లలోనూ తెలుగు, తెలుగు, తెలుగు అని రాసేశాను. ఆ రోజు నుంచి రోజూ పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు, నేను ఒకటి అంటాను, రెండు అంటాను, తన ముఖంలోకి చూస్తూ మూడు దగ్గర ఆగుతాను. నా ముందు వందమంది పిల్లలు లెక్కలు నేర్చుకుని ఉద్యోగాలకు పోయారు, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్‌లో నేను భిన్నాలు చెబితే గోడకు ఆనుకుని నిలబడి మరీ వింటారు, ఇంట్లో ఒక్క మనిషి నోట మూడు పలికించలేకపోయాను. మొన్న శుక్రవారం సంయుక్త, ఇకనుంచి వారానికి ఒక్కసారి వస్తే చాలు మేడమ్ అంది. చాలు అనే మాటకు అర్థం నాకు తెలుసు. ఆటోలో నారాయణగూడ ఫ్లైఓవర్ ఎక్కుతుంటే రాజీవ్ నా చెయ్యి మీద తన ఎడమచెయ్యి పెట్టాడు, తనకూ తెలుసు.

గొట్టం మెత్తబడింది. వేళ్లు కాలుతున్నా తీసి తువ్వాలుతో తుడిచాను. కొత్త కార్బరేటర్, ఇంజనుకు పెట్రోలూ గాలీ కలిపి అందించేది, పాత దానికంటే నోరు పెద్దది, బండితో వచ్చింది కాదు కదా, బయట విడిగా అమ్మే రకం, అన్ని బండ్లకూ సరిపోతుందని డబ్బా మీద రాసి ఉంటుంది కాని దేనికీ నేరుగా సరిపోదు. పాతది చదునైన రోడ్డు మీద బాగానే ఉండేది, ఎత్తు మీద, రాళ్ల మీద బండి ముక్కు పైకి లేచినప్పుడల్లా దానికి ఊపిరి ఆడేది కాదు, అనంతగిరి ఎక్కుతుంటే మూడుచోట్ల ఆగిపోయింది, మూడోసారి ఆగినప్పుడు వాన, నేను దిగి వెనక నుంచి నెట్టి నెట్టి ముఖం నిండా బురద కొట్టించుకుంటే, కొత్తది తెప్పిస్త ఉదీ, నీ మీద ఒట్టు అన్నాడు. తెప్పించాడు. ఆదివారం పార్సిల్ వచ్చింది, మంగళవారం తను పడిపోయాడు. ఆ డబ్బా బీరువా మీద దుప్పట్ల వెనక్కి పోయింది, నిజం చెబితే నేనే తోసేశాను. మొన్న గురువారం నేను జడ వేసుకుంటుంటే తను ఎడమచెయ్యి ఎత్తి బీరువా పైకి చూపించాడు. దుప్పటి తీసి ఇచ్చాను, కాదు. సూట్‌కేసు దించాను, కాదు. మందుల ఫైలు కాదు. అన్నీ అయ్యాక మిగిలింది ఆ డబ్బా. దించి ఒళ్లో పెడితే దాని మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక తను నన్ను అడిగిన మొదటి వస్తువు అది. అందుకే ఈ పీట, ఈ స్పానర్లు, ఈ ఆదివారం.

పెట్రోలు వాసనంటే నాకు పడేది కాదు. ఇప్పుడు ముక్కు దగ్గర పెట్టుకుంటున్నాను. గ్రూప్ టూ రాస్తానని పెద్దపల్లి దగ్గర ఊరి నుంచి వచ్చి అశోక్ నగర్ హాస్టల్లో ఆరుగురితో గది పంచుకున్న రోజుల్లో, పొద్దున్నే సెంట్రల్ లైబ్రరీ తలుపు తీయకముందే క్యూలో నిలబడేదాన్ని, సరిగ్గా ఎనిమిదికి ఎదురుగా ఒక ఎత్తు బండి ఆగేది, ఆగి కూడా ఆగేది కాదు, దాని యజమాని పక్కన గొంతుక్కూర్చుని చెవి పెట్టి స్క్రూ తిప్పుతూ ఉండేవాడు, దాని మోత, దాని పొగ, నాకు చదివింది మొత్తం గంగలో కలిసేది. నాలుగో రోజు పోయి అడిగాను, అన్నా, మీ బండి పరీక్ష రాస్తదా, నేను రాయాల్నా అని. తలెత్తి చూశాడు. చేతులకు మసి, చెంపకు మసి. "జర ఆగక్కా, ఒక్క పావు తిప్పుతే మంచిగైతది," అన్నాడు. అన్నా అక్కా అని పిలుచుకున్నవాళ్లం పెళ్లి చేసుకున్నామని మా హాస్టల్ పిల్లలు ఏడాది నవ్వారు. ఆ పావు తిప్పగానే నిజంగానే మోత తగ్గి బండి మెత్తగా కొట్టుకోవడం మొదలుపెట్టింది, నాకు అది ఇష్టమైంది, ముందు ఆ చప్పుడే ఇష్టమైంది, మనిషి తర్వాత. నా పరీక్ష పోయింది. పోతే పోయింది, ఆ సంగతి నేను ఒక్కసారి కూడా తన మీద పెట్టలేదు, పెట్టి ఉంటే ఇప్పుడు ఎంత ఏడ్చేదాన్నో.

కార్బరేటర్ మూత తిప్పి తీసి యాక్సిలరేటర్ తీగ ఎక్కించాను, తీగ చివర స్ప్రింగు, స్ప్రింగు కింద స్లైడు, యాక్సిలరేటర్ తిప్పితే పైకి లేచి గాలికి దారి ఇచ్చే ముక్క అది, దాని మధ్య నుంచి సూది. రాజీవ్ చేస్తుంటే టార్చి పట్టుకుని చూడడమే కాని చేత్తో చేసింది ఎప్పుడూ లేదు. స్ప్రింగు నొక్కిపట్టి తీగ ముడి గాడిలో వెయ్యడానికి నాకు మూడు చేతులు కావాలి, తనకు ఒక్కటే ఉంది, మా ఇద్దరికీ కలిపి ఈ పనికి సరిపోతాయి అనుకుని నాకే నవ్వొచ్చింది. ఎలాగో పట్టించి, స్లైడు లోపలికి దించి మూత బిగించి, రబ్బరులోకి కార్బరేటర్‌ని తోసి క్లాంపు బిగిస్తుంటే వెనక టపటపా చప్పుడు. రాజీవ్ కుర్చీ పిడిని కొడుతున్నాడు. "నీళ్లా?" కాదు. "లోపలికి పోదామా?" కాదు, ఇంకా గట్టిగా కొట్టాడు. పైఅంతస్తు రాజకుమారి అక్క వరండాలోంచి వంగి, "ఏంది ఉదయా, పొద్దుగాల్నే పెట్రోలు వాసన, ఇంత పరేషాన్ ఎందుకమ్మా, మెకానిక్‌ని పిలువరాదు? ముందుగాల అన్న కుర్చీ నీడకు జరుపు, ఎండ కొడుతున్నట్టుంది," అంది. జరపబోతే నా చెయ్యి తోసేశాడు. ముఖం ఎర్రబడింది. పెదవులు విడివడి ఆ గాలి వచ్చింది, ఉత్త గాలి, దానితోపాటు కళ్లల్లో నీళ్లు. ఇదే నాకు భరించలేనిది. లోపల మాట పూర్తిగా తయారై ఉంది, అది నాకు కనిపిస్తోంది కూడా, మధ్యలో ఎక్కడో దారి లేదు, నేను బయట నిలబడి అన్నమా నీళ్లా ఎండా అని చిన్నపిల్లల ఆట ఆడుతున్నాను. అప్పుడు తను ఎడమ అరచెయ్యి చూపించి, మెల్లగా బోర్లా తిప్పాడు. తిప్పాలి. దేన్ని? బండి వైపు చూశాడు. మూత విప్పి స్లైడు పైకి లాగి చూశాను. ఒకవైపు అడుగు చెక్కినట్టు ఉంటుంది, ఆ చెక్కిన వైపు గాలి వచ్చే దిక్కుకు ఉండాలి, నేను ఇంజను దిక్కుకు పెట్టాను. అలాగే కిక్ కొట్టి ఉంటే బండి గల్లీ దద్దరిల్లేలా అరిచేది. అంత దూరం నుంచి, కుర్చీలో కూర్చుని పట్టుకున్నాడు. లోపల మనిషి ఎక్కడికీ పోలేదు. నాకు తెలుసు, అయినా ఇంకోసారి తెలియడం బాగుంది.

సరిగ్గా తిప్పి పెట్టాను. ఇక మిగిలింది గాలి స్క్రూ. బండి నిలబడి ఇంజను ఊరికే నడిచేటప్పుడు దానికి ఎంత గాలి అందాలో చెప్పే చిన్న ఇత్తడి స్క్రూ. మొదట పూర్తిగా లోపలికి మెల్లగా బిగించాలి, తర్వాత బయటికి లెక్కపెట్టుకుంటూ వదలాలి. నారాయణగూడలో లక్ష్మయ్య ఉస్తాద్ షెడ్డులో కాలేజీ రోజుల్లోనే బండి పని నేర్చుకున్నాడు రాజీవ్, పెళ్లయ్యాక ఆదివారాలు నన్నూ తీసుకుపోయేవాడు, ఇద్దరూ బండికి చెరో పక్క కూర్చుంటే నా పని టార్చి, టార్చి గటు కాదు ఇటు పట్టు అని తిట్లు తినడం. లక్ష్మయ్య ఉస్తాద్ ఇప్పుడు లేడు, ఆ షెడ్డు ఉన్నచోట జిరాక్స్ దుకాణం ఉంది. లక్ష్మయ్య అచ్చంగా తెలుగువాడు, ఇంట్లో తెలుగు, దేవుడికి తెలుగు, చేతిలోకి స్క్రూడ్రైవర్ వస్తే మాత్రం నోట్లోకి ఉర్దూ వచ్చేది, తన ఉస్తాద్ అలా నేర్పాడట, రాజీవ్‌కూ అదే అంటుకుంది. ఆధా అంటే సగం చుట్టు, ఏక్, ఒకటి, తర్వాత డేఢ్, ఒకటిన్నర, తర్వాత దో, రెండు. నేను లెక్కల మనిషిని కదా, మధ్యలో పావులు ఏమైనయి ఉస్తాద్ అని అడిగాను ఒకసారి. టార్చి వెలుతురులోంచి తలెత్తి నవ్వాడు. "ఆధా ఏక్ డేఢ్ అనేది చేతి లెక్క బిడ్డా, నిద్రల లేపినా చెయ్యి తిరుగుతది. పౌనే దో అనాల్నంటే మాత్రం, పావు తక్కువ రెండు అనాల్నంటే, బండి ఏం చెప్తున్నదో వినాలె. అది మీ ఆయనకు వినపడ్తది, నాకంటె మంచిగ." రాజీవ్ ఆ రోజంతా నేలమీద నడవలేదు.

స్క్రూ లోపలికి బిగించాను. సంయుక్త చెప్పినట్టు, రోజూ చేసినట్టు, తన వైపు తిరిగి పైకి లెక్కపెట్టాను. "సగం. ఒకటి." ముఖంలోకి చూస్తూ ఆగాను. చూశాడు. పెదవులు కదల్లేదు. నా కోసం బాధపడుతున్నట్టు చూశాడు. ఒకటిన్నర అని నేనే అనుకుని, పీట ఎక్కి కిక్ కొట్టాను, ఆ బండి ఎత్తుకు నాకు పీట లేకపోతే కాలు అందదు, అందుకు కూడా ఒకప్పుడు నవ్వేవాడు. ఏడో కిక్‌కు అంటుకుంది. అంటుకుని నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మళ్లీ కొట్టాను. మళ్లీ ఆగింది. రాజకుమారి అక్క కిటికీ వేసుకుంది. ఎండ నిజంగానే గేటు దాటి వచ్చింది, బయట కోచింగ్ పిల్లలు టెస్టుకు పోతూ అట్టలు చంకలో పెట్టుకుని ఒక్క క్షణం నిలబడి చూసి పోయారు. నా వేళ్లు కాలాయి, గోరు విరిగింది, స్క్రూ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్క తప్పిపోయింది, లెక్కల టీచర్‌కి. ఇది కూడా కాదేమో. ఇదీ ఆ 'వారానికి ఒక్కసారి చాలు'లోకే పోతుందేమో. తనవైపు చూడాలంటే భయమేసి, చూడకుండా, మళ్లీ మోకాళ్ల మీద కూర్చుని స్క్రూ మొత్తం లోపలికి బిగించాను.

ఈసారి ఎవరికీ నేర్పాలనుకోలేదు. మాట గురించి అనుకోలేదు. అలిసిపోయి, నా చెయ్యి ఆ షెడ్డు ఆదివారాల్లోకి తనంతట తను పోయింది, పదిహేనేళ్లు చెవి పక్కన విన్నది నోట్లోకి వచ్చింది.

"ఆధా," అన్నాను స్క్రూతో. "ఏక్."

చెమట కంట్లో పడింది. మోచేత్తో తుడుచుకుందామని ఆగాను.

"డేఢ్."

గల్లీలో ఎవరో అన్నారనుకున్నాను. గరగరమంటూ, సగం గాలి, సగం గొంతు, చాలా రోజులు వాడని తలుపు లాగినట్టు. గల్లీలో ఎవరూ లేరు. సంయుక్త ఇచ్చిన కాగితంలోని మూడు గళ్లు కళ్లముందు కనిపించాయి, నా చేతిరాత, తెలుగు, తెలుగు, తెలుగు, మూడోది తప్పు. పదిహేనేళ్లు టార్చి పట్టుకున్నదాన్ని, ఈ మనిషి ఏ భాషలో లెక్కపెడతాడో నాకు తెలియదా, తెలిసీ రాశాను, ఇల్లు తెలుగైతే లెక్కా తెలుగే అనుకున్నాను, తొమ్మిది నెలలు తప్పు తలుపు ముందు నిలబెట్టాను తనను, పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. క్షమించు రాజీవ్. సంయుక్త మాట కూడా అప్పుడే గుర్తొచ్చింది, టేపు తిరిగినట్టు తిరుగుతయి, సంబరపడొద్దు. ఇది టేపే కావచ్చు. ఆధా ఏక్ అంటే డేఢ్ రావడానికి మనిషి అక్కర్లేదు, నిద్రలో లేపినా వస్తుందని ఉస్తాద్ కూడా అన్నాడు. వెనక్కి తిరిగి ముఖం చూస్తే ఆ సిగ్గు వస్తుంది, సిగ్గు వస్తే ఉన్నదీ పోతుంది. చూడలేదు. డేఢ్ దాకా తిప్పి, పీట ఎక్కి కిక్ కొట్టాను.

మూడో కిక్‌కు అంటుకుంది, ఈసారి ఆగలేదు, కాని బరువుగా, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు కొట్టుకుంటోంది, సైలెన్సర్ దగ్గర నల్లటి పొగ. ఇంజను వేడెక్కేదాకా యాక్సిలరేటర్ కొంచెం పట్టుకున్నాను. ఆగడం వచ్చింది నాకు, చూస్తున్నావా. వేడెక్కాక వదిలి, కూర్చుని, స్క్రూడ్రైవర్ ఆ సందులో పెట్టి ఇంకో సగం బయటికి తిప్పాను, నోరు మూసుకుని, ఒక్క మాట అనకుండా. పొగ తగ్గింది. ఇప్పుడు మరీ తేలిపోతోంది, ఒకసారి పైకి లేస్తుంది, ఒకసారి కిందికి పోతుంది, నిలబడడం లేదు. నాకు ఇంతవరకే వినిపిస్తుంది. దీని తర్వాత ఏం చెయ్యాలో నాకు తెలియదు, ఎప్పుడూ తెలియలేదు, నేను టార్చి పట్టుకునేదాన్ని.

"పౌ," అంది వెనక గొంతు. గాలి. మళ్లీ గాలి. "పౌనే."

పౌనే ఆ వరసలో లేదు. నేను ఏమీ అనలేదు, తను అందుకోవడానికి ముందు మాట లేదు, ఆధా ఏక్ డేఢ్ దో అని వెయ్యిసార్లు తిరిగినా ఆ టేపులో పౌనే రాదు. దానికి వినాలి. విని, ఇది సరిగ్గా లేదని అనుకుని, నాకు చెప్పాలని అనుకోవాలి.

తల ఎత్తలేదు. గొంతు మామూలుగా పెట్టి, నారాయణగూడ షెడ్డులో అడిగినట్టే అడిగాను.

"పౌనే ఎంత?"

బండి లేచింది, పడింది, లేచింది. గేటు బయట ఒక ఆటో పోయింది.

"దో," అన్నాడు రాజీవ్.

పావు చుట్టు వెనక్కి తిప్పాను. బండి ఒక్కసారి తడబడి కుదురుకుంది, లైబ్రరీ ముందు విన్న ఆ మెత్తటి చప్పుడు, అదే. స్క్రూడ్రైవర్ తియ్యలేదు. అడగడానికి ఇంకో ప్రశ్న వెతుక్కుంటున్నాను.